కాకి ఎంగిలి

క్లాసులో నర్సమ్మ అరటిపండుకు కండోమ్ తొడిగి చూపించినప్పటి నుంచి కిరణ్మయి నవ్వు ఆగలేదు. హెబ్బగోడి బస్టాపులో, ఆ నవ్వు మధ్యలోనే హెప్సిబా చెప్పేసింది.

"కిరణూ, నాకు పుట్టుకతోనే హెచ్ఐవీ ఉండాది. మాత్రలు మింగతా ఉండా."

నవ్వు ఆగింది. ఉన్న ఒక్క స్నేహితురాలూ పోయిందనుకుంది హెప్సిబా. అలవాటుగా జామకాయ మీద చున్నీ కప్పి కొరికి, మిగతాది భయంగా అందించింది.

"అందుకేనా రోజూ ఈ కాకి ఎంగిలి?"

"ఊఁ."

కిరణ్మయి చున్నీ లాగేసి, పంటిగాటు పడిన చోటే కొరికింది.

"క్లాసులో నిద్రపోయినావా మే? ఎంగిలితో రాదు. కండోమ్ లేకుండా కలిస్తే వస్తాది. ఆ మాట రేపు నీ మొగునికి చెప్పు, నాకెందుకు?"

హెప్సిబా పగలబడి నవ్వి, జామకాయ కోసం మీదపడింది.

"అంతా మింగొద్దు మే, నాకూ మిగల్చు!"