బొరుగోడికి పడనిది

మహేశ్వర్ ప్లేటును బల్ల మీద ఠక్కున పెట్టాడు.

"థూ! తినేకాడ ఏందిమా ఈ గలీజు? సూడు, యెట్ల రాలుతాందో!"

ప్రేమలత పొయ్యి దగ్గర నుంచి తొంగిచూసింది. హోటలు మెట్టు మీద కూర్చుని బొరుగోడు వెనక కాలితో చెవి కింద బరబరా గీరుకుంటున్నాడు. గీరినప్పుడల్లా తెల్లటి పొట్టు రాలుతోంది. మహేశ్వర్ ఆ పొట్టును చూశాడు. తన ప్లేట్లోని బొరుగుల ఉగ్గాని మీద చల్లిన పుట్నాల పొడిని చూశాడు. గబగబా బయటికి పోయి నీళ్ళు పుక్కిలించి ఉమ్మాడు.

బొరుగుల్లా తెల్లగా ఉందని ఆ కుక్కకు ప్రేమలతే పెట్టింది ఆ పేరు. ఇప్పుడు వీపు మీద ఒక్క వెంట్రుక లేదు. ఎర్రగా చిట్లిన తోలు, పొట్ట కింద రసి, రసి చుట్టూ ఈగలు. కుక్క మెట్టు మీదే ఉన్నా దాని వాసన ఎప్పుడో లోపలికొచ్చి బల్లల మధ్య కూర్చుంది.

"రేపట్నుంచి మేము ఆదోనిలోనే తింటాం పో," అన్నాడు మహేశ్వర్ మూతి తుడుచుకుంటూ.

మహేశ్వర్ పత్తి దలాలి. ఎమ్మిగనూరు నుంచి రోజూ ఆదోని యార్డుకు పోతూ జీపు ఇక్కడే ఆపుతాడు. అతని వెంట ఇంకో నలుగురు. వాళ్ళను చూసి మరో పదిమంది ఆగుతారు. ఆ జీపు ఆగకపోతే పొద్దుటి పొయ్యి వెలిగించడం దండగ.

ప్రేమలత మొగుడు భీమన్న జాలిగంటెను బాణలి అంచుకేసి కొట్టాడు.

"ఇన్నావా మే? నెల దినాల్నుంచి సెప్తాండా. ఇంగ నీ మాట ఇనేది లే. మధ్యాన్నం గోతంలో ఏసుకోని పోయి కౌతాళం కాలవకాడ ఇడిసిపెట్టొస్తా."

"ఆడ తిండి ఎవురు పెడతారు వానికి? సస్తాడు. మందు రాస్తాండా కదా, రోంత ఓర్సుకో."

"ఏం మందు?" అడిగాడు మహేశ్వర్.

"మన బాణల్లో నూనేలేన్నా. యేపాకు ఏసి కాంచి, రెండు పూట్లా ఒళ్ళంతా పట్టిస్తాండా."

జీపులో వచ్చిన వాళ్ళలో ఒకడు నోటిదాకా పోయిన చెయ్యి ఆపాడు.

"ఏ చేత్తో పట్టిస్తావక్కా?"

"ఎడమ చేత్తోనే లేప్పా! సబ్బేసి కడుగుతా."

వాడు ఆమె ఎడమ చేతి వైపు చూశాడు. ఆ చేతిలోనే శనగపిండి గిన్నె ఉంది. వాడు ముఖం అటు తిప్పుకున్నాడు.

అంతలో స్కూటీ చప్పుడైంది. పశువుల డాక్టరమ్మ శ్వేత. ప్రేమలత గిన్నె దించి, పరుగున పోయి దారికి అడ్డం నిలబడింది.

"మేడమ్, పోయిన వారం పొట్టు గీరి తీసకపోయినారు కదా, ఏమన్నా తెలిసిందా? ఈ పొద్దు బాగైతాడని మీరు సెప్పకుంటే వీన్ని మా ఇంటాయన కాలవకాడ పారేస్తాడు."

డాక్టరమ్మ చేతికి తొడుగు వేసుకుని మెట్టు దగ్గర కూర్చుంది. బొరుగోడు ఆమె మోకాలికి వీపు ఆనించి రుద్దుకోబోయాడు. జీపువాళ్ళు "ఛీ ఛీ" అని వెనక్కి జరిగారు.

"భయపడకండి. పరీక్ష చేశాను, పురుగు లేదు. ఇది అంటుకునే గజ్జి కాదు," అంది డాక్టరమ్మ.

ప్రేమలత మొగుడి వైపు గెలిచినట్టు చూసింది. "ఇన్నావా?"

"వాడి ఒంటికి పడనిది ఏదో తింటున్నాడు. ఏం పెడుతున్నావు?"

"సంగటి పెడితే మూతి తిప్పుకుంటాడు మేడమ్. బజ్జీలంటే పాణం. మాడినేటివి, ఇరిగినేటివి, పొద్దున నాలుగు, మాపున నాలుగు."

డాక్టరమ్మ లేచి తిన్నగా పొయ్యి దగ్గరికి వచ్చింది. బాణలిలోకి వంగి చూసింది. నూనె నల్లగా తారులా ఉంది. అంచుల వెంట గోధుమరంగు నురగ. గంటెతో కొంచెం ఎత్తి వదిలితే జారలేదు, తీగలా సాగింది. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎన్ని రోజుల నూనె ఇది?"

"దాన్ని దినాల లెక్కన యెట్ల సెప్పేది మేడమ్?" అన్నాడు భీమన్న. "తగ్గినప్పుడల్లా పైన పోస్తాంటాము. అడుగుది యెప్పటిదో మాకే తెల్దు."

"ఛీ! ఇదే వాడి కడుపులోకి, ఇదే వాడి ఒంటికీనా? శనగపిండి పడదు వాడికి. దాని మీద ఈ మాడు నూనె! అందుకే ఒళ్ళంతా పుండ్లు." డాక్టరమ్మ గొంతు హోటలంతా వినిపించింది. "ఇంక ఒక్క ముక్క పెట్టావంటే నేను ఈ గుమ్మం తొక్కను. కుక్క తినే తిండి కాదమ్మా ఇది!"

నమిలే చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఒకడు నోట్లో ముద్ద అట్లే ఉంచుకుని పక్కవాడిని చూశాడు. ఇంకొకడు చేతిలోని బజ్జీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, దాన్నుంచి కారే నల్లటి చుక్కనే చూస్తున్నాడు.

డాక్టరమ్మ కుక్కకు సూది వేసింది. షాంపూకు చీటీ రాసిచ్చింది. అన్నంలో ఉడికిన గుమ్మడికాయ కలిపి పెట్టమంది. నెలలో వెంట్రుకలొస్తాయని చెప్పి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

భీమన్న పళ్ళు కొరుకుతున్నాడు. కుక్కను నిలుపుకోబోయి తన పొయ్యి తానే ఆర్పుకున్నానని ప్రేమలతకు అర్థమైంది. బొరుగోడికని విడిగా తీసిపెట్టిన నాలుగు మాడు బజ్జీలను తెచ్చి, అందరి ముందూ హోటలు పక్కనున్న మురిక్కాలవలో పడేయబోయింది.

మహేశ్వర్ ఒక్క ఉదుటున లేచి ఆమె చెయ్యి ఆపాడు.

"ఓమా, నీకేమన్నా బుద్ధుందా? తినగూడదన్నాది కుక్క కదా! ఇట్ల నా ప్లేట్లో ఎయ్యి."