వదులు ప్యాంటు

దర్జీ తన పొట్ట చుట్టూ టేపు చుట్టుకున్నాడు. నిన్నటి కొలతే.

భార్యకు తన కాలేయంలో ముక్క ఇవ్వాలంటే ముందు అందులో పేరుకున్న కొవ్వు కరగాలి. ఒళ్లు తగ్గాలి. ఇవ్వడానికి ఇంకెవరూ లేరు.

"కాస్త టైముంది. నడవండి, తిండి తగ్గించండి. సొంతంగా ఏ మందూ మింగకండి" అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి వెనక మైదానంలో నడుస్తుంటే ఒక బక్క మనిషి వచ్చి పక్కన కలిశాడు. ప్యాంటు నడుము దగ్గర కుచ్చిళ్లు పడి, బెల్టుతో బిగించి ఉంది. దర్జీ కన్ను ముందు అక్కడికే పోయింది.

"ఎవరిదా ప్యాంటు? మీ బావగారిదా?"

"నాదే, తమ్ముడూ."

దర్జీ నమ్మలేదు. ఆ నడుములో ఇలాంటివాళ్లు ఇద్దరు పడతారు.

"కొట్టుకు తీసుకురా. నడుము తగ్గించి కుట్టిస్తాను."

"వద్దులే. ఇలాగే ఉండనీ."

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. దర్జీ ఆయాసపడి కూలబడితే చెయ్యి పట్టి లేపేవాడు.

"ఇంకొక్క చుట్టు."

"నీ ఒంటి మీద కండే లేదు. నీకెందుకయ్యా నడక?"

బక్క మనిషి నవ్వి ముందుకు నడిచేవాడు.

టేపు వేలెడు కూడా జరగలేదు. భార్య కళ్లు పచ్చబడ్డాయి. కడుపులో నీరు చేరింది.

"మీ పొట్ట తగ్గలేదు గానీ, నాకూ ఒకటొచ్చింది" అంది. నవ్వబోయి దగ్గింది.

ఆ రోజే దర్జీ బజారుకెళ్లి పొడి డబ్బా కొన్నాడు. నెలలో ఒళ్లు సగమవుతుందని అమ్మినవాడు ఒట్టు పెట్టాడు. వాడి పొట్ట బల్లకు ఆనుకుని ఉంది. అందరి నడుములూ చూసే దర్జీ దాన్ని చూడలేదు.

మైదానంలో ఆ డబ్బా చూడగానే బక్క మనిషి మొహం మారింది.

"అది తాగకు తమ్ముడూ."

"నడిచి ఏం ఊడబొడిచాను?"

"తగ్గుతావు. నిదానంగా తగ్గుతావు. నా మాట విను, మా ఇంటిదానికి..."

"మీ ఇంటి గోల నాకెందుకు? అక్కడ నాది పోతోంది."

బక్క మనిషి డబ్బా లాక్కుని మురిక్కాలవలో కుమ్మరించాడు.

దర్జీ అతని రొమ్ము మీద చెయ్యేసి తోశాడు. బక్క మనిషి వెల్లకిలా పడ్డాడు. లేచి, జారిన ప్యాంటు పైకి లాక్కుని వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు. దర్జీ ఇంకో డబ్బా కొన్నాడు.

ఈసారి టేపు మాట వింది. ప్యాంటు నడుము రెండుసార్లు తగ్గించి కుట్టుకున్నాడు. మూడోసారి కుట్టడానికి ఓపిక లేకపోయింది. అన్నం చూస్తే వికారం. అదీ మంచికే అనుకున్నాడు.

డాక్టరు రిపోర్టు చూశాడు. దర్జీ కింది రెప్ప లాగి చూశాడు.

"ఏం తాగారు?"

చెప్పాడు.

"కొవ్వు పోయింది. కాలేయమూ దెబ్బతింది. ఇది ఇప్పుడు ఎవరికీ పనికిరాదు."

"మళ్లీ బాగవదా?"

"అవ్వొచ్చు. అందాకా మీ ఆవిడకు టైం లేదు."

పక్క గదిలోంచి భార్య దగ్గు వినిపించింది.

"మీతో నడవమని ఒకాయన్ని పంపానే. ఏమీ చెప్పలేదా?"

దర్జీ లేచాడు. ప్యాంటు జారింది. చేత్తో పట్టుకున్నాడు.

"ఎవరాయన?"

"పోయినేడు భార్యకిద్దామని ఇదే పొడి తాగొచ్చి, ఆ కుర్చీలోనే కూర్చున్నాడు."