నాలుగో అంతస్తులో పోయిన పుస్తకం

ఇలా నా పక్కకి జరిగి కూర్చో. ఇది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

“ఆ ఇంటి తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?” అని ఇన్‌స్పెక్టర్ మోర్వాన్ అడిగాడు.

“ఆయన దగ్గరొకటి, నా దగ్గరొకటి అయ్యా,” అంది ఆనిక్.

పారిస్‌లో ఆ మేడకి ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆమే కాపలామనిషి. మెట్ల కింద ఒక్క గది, అదే ఆమె ఇల్లు, అదే ఆమె లోకం. నాలుగో అంతస్తులో ఉండే తత్వవేత్త ఒబెర్లాన్ గారిని సమాధి చేసి మూడు రోజులయింది. రెండేళ్ళుగా ఆయన రాస్తున్న ఆఖరి పుస్తకం కనిపించడం లేదు. పత్రికల నిండా అదే గోల.

సొరుగులు లాగారు, పరుపు కోశారు, పొయ్యిలో బూడిద జల్లించారు. రాతబల్ల మీద మాత్రం ఏముంది? మూరెడెత్తు తెల్లకాగితాల దొంతర, దాని పక్కన ఆయన కలం. ఇన్‌స్పెక్టర్ నోటుపుస్తకం నిండిపోతే ఆ దొంతర మీది నాలుగు కాగితాలు లాక్కుని రాసుకోసాగాడు.

“ఇంత పెద్దమనిషి ఇంత గరుకు కాగితం వాడేవాడా! పాళీ జారనివ్వడం లేదు,” అని విసుక్కున్నాడు.

ఒబెర్లాన్ గారి శిష్యులిద్దరూ అక్కడే ఉన్నారు. గిస్లేన్ పాఠాలు చెబుతుంది, తిబో వ్యాసాలు రాస్తాడు.

“మీరు ఆ పుస్తకం చూశారా?”

“చూడడమేమిటి, చదివాను!” అంది గిస్లేన్. “మూడో అధ్యాయం మృత్యువు గురించి. చదివి ఏడ్చాను.”

“మూడోది మౌనం గురించి కదమ్మా,” అన్నాడు తిబో. “నాకు మొత్తం ఇచ్చారులే. నీకు పాత చిత్తుప్రతి చూపించినట్టున్నారు, పాపం.”

“పాపమా? నీ వ్యాసాలు చదివి ఆయన ఎంత నవ్వేవారో తెలుసా?”

“మిమ్మల్నిద్దర్నీ తర్వాత నవ్విస్తాను, ఆగండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ పేటలో ఫలానా పుస్తకం చదవలేదని ఒప్పుకోవడం కంటే చొక్కా లేకుండా వీధిలోకి రావడం నయం.

“మదామ్ ఆనిక్, మరి మీరు?”

“నాకు అంత చదువెక్కడిదయ్యా! రాస్తుంటే విన్నాను.”

“విన్నారా?”

“పాళీ గీకుడు. పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నం దాకా. నేను సూప్ పట్టుకెళ్తే, తలుపు తీయకముందే నా అడుగుల చప్పుడు పట్టేసి ‘ఆనిక్, ఇవాళ ఏడు పేజీలు!’ అనేవారు. గిన్నె చేతిలో పెట్టి వచ్చేసేదాన్ని. బల్ల దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. ఆయన భార్య సోలాంజమ్మ ఉండగా వేరు. ఆదివారం ఆదివారం ఆ కలం కడిగి, నింపి ఇచ్చేది మహాతల్లి. ‘ఆలోచనలు మీవి, మరకలు నావి’ అనేది. రెండేళ్ళ కిందట ఆవిడ పోయాక ఈ మనిషికి ఆ రాతే తోడు.”

“కథలొద్దు మదామ్. చదివినవాళ్ళు ఇద్దరున్నారు, అంటే పుస్తకం ఉంది. రెండో తాళంచెవి మీది. చిత్తుకాగితాలనుకుని పొయ్యిలో వేశారా? చెప్పేయండి.”

“రాసిన కాగితం ఒక్కటి కూడా నేను ముట్టుకోలేదయ్యా,” అంది ఆనిక్.

ఏదీ రుజువు కాలేదు. అయినా మేడవాళ్ళందరూ కూర్చుని ఆమెని తీసేయాలని చేతులెత్తారు. తాళంచెవులు అలాంటిదాని చేతిలో ఎలా పెడతాం అన్నారు. ఆమె ఎత్తుకుని తిప్పిన పిల్లలే పెద్దవాళ్ళయి చేతులెత్తారు. నెలాఖరుకి గది ఖాళీ చేయాలి.

ఆఖరి రోజు తిబో పై నుంచి ఆ తెల్లకాగితాల దొంతర మోసుకొచ్చాడు. “కప్పులు చుట్టుకోడానికి పనికొస్తాయి, ఉంచుకోండి,” అన్నాడు, జాలిపడినట్టు.

మొదటి కప్పు చుడుతుంటే ఆమె బొటనవేలు ఏవో సన్నటి గాట్లకి తగిలి ఆగిపోయింది. కాగితాన్ని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టింది. రెండోది తీసింది. అడుగుదాకా ఒక్కొక్కటే చూసింది. ఇన్‌స్పెక్టర్ ఫోన్ నంబరు గోడ మీదే ఉంది. ఫోన్ వంక చాలాసేపు చూసి, లేచి, కాగితాలన్నీ పెట్టె అడుగున సర్దింది. కప్పులు గౌనుల్లో చుట్టుకుంది. రైలెక్కి చెల్లెలి దగ్గరికి వచ్చేసింది. ఆ చెల్లెల్ని నేనే.

“ఇవి చూపిస్తే నీ గది నీకు ఉండేది కదే అక్కా!” అన్నాను.

“ఆయన్ని చూసి ఊరంతా నవ్వేది. చూపు పోయిందని ఆయన నాతోనే అనలేదు. నేనెలా చాటింపు వేస్తానే?”

మొన్న అక్క కూడా కన్నుమూసింది. ఇక దాచి ఎవరికోసం? గుర్తుపెట్టుకుని నీ పిల్లలకి కూడా చెప్పు, ఆనిక్ దొంగ కాదు.

సోలాంజ్ పోయిన నాటి నుంచీ ఆ కలంలో సిరా లేదు.