పట్టికలో చుక్క

“ఐదుకి లోపుంటే అంకె వేయకూడదు. చుక్క పెట్టాలి. అంతే,” అన్నాడు ఆఫీసరు.

ఆపరేటర్ తలూపింది. ఆరోగ్య గణాంకాల విభాగానికి బదిలీ మీద వచ్చిన ఆమెకిది మొదటి రోజు. గదిలో రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను. ఆస్పత్రుల నుంచి వచ్చే జబ్బుల లెక్కలు, మరణాల లెక్కలు వార్డులవారీగా పట్టికలు చేసి వెబ్‌సైట్‌లో పెట్టడం వాళ్ల పని.

“చుక్క ఎందుకు సార్?”

“చిన్న అంకె వేస్తే ఆ ఇల్లేదో వీధిలోవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఈ సీట్లో నోరు జారితే ఉద్యోగం జారుతుంది.”

పొద్దున్నుంచీ ఆయన మాట్లాడింది అంతే. “ఇక్కడ మాటలకి కూడా చుక్కలే పెడతారా సార్?” అని నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. కూర్చోమని ఆఫీసరు అనలేదు. ఆవిడే కుర్చీ లాక్కుని కూర్చుని, మడతల కాగితం ఒకటి ఆయన బల్ల మీద పరిచింది.

ఆపరేటర్ మెడ సాచి చూసింది. వెబ్‌సైట్‌లోని పట్టికే. నిరుడు మెదడువాపుతో చనిపోయిన ఐదేళ్లలోపు పిల్లలు. పన్నెండో వార్డుకి ఎదురుగా చుక్క.

“నేనే వెతికి తీశాను. ఏడాది నొక్కి, జబ్బు నొక్కి, వయసు నొక్కి, వార్డు నొక్కితే వచ్చింది,” అందావిడ. “ఈ చుక్కలో ఎంతమంది ఉన్నారండీ?”

“చెప్పకూడదు.”

“నాకు కూడానా?”

“రూలు ఎవరికైనా ఒకటే.” ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

“ఇందులో పాప ఉంది. అది నాకు తెలుసు. ఇంకెవరైనా ఉన్నారా? అదొక్కటి చెప్పండి చాలు.”

కీబోర్డు మీద ఆపరేటర్ వేళ్లు ఆగిపోయాయి. లేచి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

“తెలుసుకుని ఏం చేస్తావమ్మా?” అని మెల్లగా అడిగింది.

“ఇంకో తల్లి ఉంటే వెతుక్కుంటూ వెళ్తానండీ. ఏ వీధైనా సరే. ఆవిడ పక్కన కాసేపు కూర్చుంటాను. పాప పేరు పైకి అని ఎన్నాళ్లయిందో.”

“ఇంట్లో ఎవరూ లేరా?”

“ఉన్నారు. పాప మాటెత్తితే లేచి అవతలికి పోతారు. గౌన్లు, బొమ్మలు అన్నీ అటకెక్కించేశారు.” ఆవిడ కాగితం అంచు మడిచింది, విప్పింది. “ఇక్కడైతే అడిగినదానికి జవాబు చెప్పి తీరాలి కదా. అందుకే వచ్చాను.”

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

“అంకె బయటపడితే ఆ ఇంటికి పలకరించడానికి జనం వస్తారు. ఆ ఇంటివాళ్లు తట్టుకోలేరు. చుక్క పెట్టేది అందుకే.”

“పలకరిస్తే ఏమవుతుందండీ?”

ఆయన మౌసు కదుపుతూ ఉన్నాడు. తెర మీద మాత్రం ఏదీ కదలడం లేదు.

ఆపరేటర్‌కి ఒళ్లు మండింది. మొదటి రోజన్న సంగతి కూడా మర్చిపోయింది.

“రాయైనా కరిగేది సార్! ఒక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోతుంది?”

“అనకండి,” అందావిడ గబుక్కున. “ఆయన్నేమీ అనకండి.”

కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరక్కుండానే అంది:

“రెండో ఆవిడ ఎక్కడో ఉందనే అనుకుంటాను లెండి.”

ఆఫీసరు ఏ ఫైలూ తెరవలేదు. కంప్యూటర్ కట్టేశాడు. కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“ఆగవే, ఇద్దరం కలిసే ఇంటికెళ్దాం,” అన్నాడు, “ఆ చుక్కలో ఉన్నది మన పాప ఒక్కతే.”