మొగుడి సంతకం

"మొగుడేడి?" డాక్టరమ్మ మూడోసారి అడిగింది.

"మణుగూరు దిక్కు పోయిండమ్మా. బొగ్గు లారీ డ్రైవర్. నేను అన్నను, నేను పెడ్త సంతకం," అన్నాడు కోటేష్ అని పేరు చెప్పినతను.

"అన్న సంతకం చెల్లదు. ఆపరేషన్ కాగితం మీద మొగుడే పెట్టాలి."

లోపల బల్ల మీద గోరి పళ్ళు బిగబట్టి మూలుగుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. పొద్దున తొమ్మిదింటికి జీపులో తెచ్చారు, ఇప్పుడు పన్నెండు. గంటలోపు కోసి తీయకపోతే ఇద్దరూ దక్కరని చెప్పింది డాక్టరమ్మే. చెప్పి, మళ్ళీ ఆ కాగితమే ముందుకు తోసింది.

నర్సు పుష్పకు ఒళ్ళు మండింది. "మేడం, చట్టం ప్రకారం ఆమె ఒప్పుకుంటే చాలు కదా. వేలిముద్ర ఏయిస్త."

"చట్టం వచ్చి నన్ను కాపాడుతుందా? పోయిన నెల మొగుణ్ణి అడక్కుండా కోశానని అద్దాలు పగలగొట్టారు, మర్చిపోయావా?"

పుష్పకు గోరి కొత్త కాదు. ఆర్నెల్ల కింద అత్త జమ్లి ఆమెను కడుపు తీయించడానికి ఇక్కడికే తీసుకొచ్చింది. "ఇద్దరున్నరు చాలు. మూడోది పుడ్తే నా కొడుకు బతుకు ఆగమైతది, తీసెయ్ బిడ్డా," అని బతిమాలింది. గోరి మాత్రం తల అడ్డంగా ఊపింది. "ఆమెకు ఇష్టం లేంది ఎవ్వరు తియ్యరు పెద్దమ్మా, చట్టం గట్లున్నది," అని పుష్పే అత్త నోరు మూయించింది. వెళ్తూ వెళ్తూ గోరి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ రోజు అంత గట్టిగా నిలబడ్డ చట్టం ఇవాళ ఏ మూల దాక్కుందో పుష్పకు అర్థం కాలేదు.

ఇవాళ పొద్దున కేసు షీటు నింపేటప్పుడు మొగుడి పేరు అడిగితే గోరి నోరు విప్పలేదు. తండాలో ఆడది పెనిమిటి పేరు పలకదు, అది పుష్పకు తెలిసిందే. "దేవ్లా," అని పక్కనున్న కోటేషే చెప్పాడు. "ఈయన మీ అన్నేనా?" అంటే గోరి కళ్ళు మూసుకుని తలూపింది. తండా పేరు మాత్రం తనే చెప్పింది.

అన్నంటే ఇలా ఉండాలి అనుకుంది పుష్ప. నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయో, రెండో కాన్పుకు ఎన్ని గంటలు పట్టిందో, ఏ గోలీ పడదో అన్నీ చెప్పాడు. కట్టుకున్నవాళ్ళకే ఇన్ని తెలియవు.

ఆయా బుల్లెమ్మ అతనికి టీ ఇచ్చింది. "దిగులు పడకయ్యా. మూడోది పుడితే మీ బావకేం నష్టం? మా ఊళ్ళో సర్పంచికి మూడోది పుట్టిందని రూలు చూపించి కుర్చీ దింపేశారు. లారీ తోలేవాడికి ఆ బాధ లేదుగా!"

అతను టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

"మీ సర్పంచికి ఫోన్ చేస్త. మనిషిని పంపి దేవ్లాను పట్టుకొస్తడు," అంది పుష్ప.

"సర్పంచ్ ఊళ్ళె లేడు సిస్టర్."

"ఇంట్ల ఎవరో ఒకరు ఎత్తుతరు."

గోడ మీది నంబర్ల పట్టీ చూసి నొక్కింది. మోగి మోగి ఆగిపోయింది. నాలుగుసార్లు చేసినా అంతే.

"ఒక్క సంతకమే కదమ్మా, నేను పెడ్తనంటున్న కదా! కాళ్ళు మొక్కుత," అంటూ అతను నిజంగానే డాక్టరమ్మ కాళ్ళ మీద పడ్డాడు. ఆమె వెనక్కి జరిగింది.

"మొగుణ్ణి పిలిపించు, ఈ క్షణమే మొదలుపెడతా."

అతను ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మళ్ళీ ఆమె ముందే పెట్టేశాడు.

ఒంటిగంటకు గోరి మూలుగు ఉన్నట్టుండి ఆగిపోయింది. అప్పుడు డాక్టరమ్మ కాగితం వదిలి పరుగెత్తింది. కోసేసరికి గర్భసంచి చిట్లిపోయి ఉంది. మగపిల్లాడు, ఊపిరి లేదు. అరగంటకు తల్లీ పోయింది.

బయట అతను గోడకు తల బాదుకుంటున్నాడు. "ఒక్క మాట అంటే బతికేది కదా... ఒక్క మాట!" డాక్టరమ్మను అంటున్నాడనుకుని పుష్ప కూడా ఏడ్చింది.

శవాన్ని ఇవ్వాలన్నా మొగుడే రావాలన్నారు. నాలుగున్నరకు పుష్ప మళ్ళీ ఆ నంబరే నొక్కింది. ఈసారి ఎత్తారు. బడి నుంచి అప్పుడే వచ్చిన ఆడపిల్ల.

"సర్పంచ్ ఇల్లేనా? మీ నాన్న ఉన్నడా బిడ్డా?"

"లేడు. పొద్దుగాల మా అమ్మను తీస్కొని జీపుల పోయిండు. యాడికో ఎవ్వరికీ చెప్పొద్దన్నడు."

పుష్ప కేసు షీటు ముందుకు లాక్కుంది.

"మీ అమ్మ పేరేంది?"

"గోరి."