అద్దాల పెట్టెలో నవ్వు

అందరూ నవ్వారు. వెనక వరుసలో నిలబడ్డ పెద్దావిడ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

ఆవలింత అనుకున్నాడు గైడు. ఒళ్ళు మండింది.

ఆ పార్కులో పాత భాగానికి ఆయనే గైడు. చెక్కగుర్రాల రంగులరాట్నం, నోట్లోంచి నీళ్ళు చిమ్మే రాతిచేపలు, దెయ్యాల కొంప, వీటి చరిత్రంతా ఆయనకు కొట్టిన పిండి. ఎక్కడ ఏ జోకు వేస్తే జనం నవ్వుతారో కూడా తెలుసు.

ఆవిడ వారం రోజులుగా వస్తూనే ఉంది. బూడిదరంగు శాలువా, చేతిలో గుడ్డసంచీ. ఒక్క జోకుకీ నవ్వలేదు. ప్రతిసారీ అదే చెయ్యి, అదే పక్కచూపు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"ఈ గుర్రాలన్నీ తెల్లగా ఎందుకున్నాయంటే, తెలుపు శాంతికి గుర్తు," అని గైడు ఒకరోజు గంభీరంగా చెప్పాడు.

"శాంతికేనమ్మా," అందావిడ పక్కనున్న తల్లులతో. "నల్లగుర్రం నాకంటే నాకని పిల్లలు జుట్లు పట్టుకునేవాళ్ళు. ఓనరు విసిగిపోయి అన్నిటికీ ఒకటే రంగు కొట్టించాడు."

జనం పగలబడి నవ్వారు. గైడు తన మొత్తం సర్వీసులో అంత నవ్వు సంపాదించలేదు.

ఒకప్పుడు తను ఇక్కడే టికెట్లు చింపేదాన్నని ఆవిడ ఎవరితోనో అందట. ఇక జనం ఆవిడ చుట్టూనే మూగేవారు. రాతిచేప నోట్లో పిట్ట గూడు పెడితే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఫౌంటెన్ ఆపేసిన సంగతి ఆవిడ చెబుతుంటే అలాగే నిలబడిపోయేవారు. గైడు ఎర్రజెండా ఊపుకుంటూ ముందుకు నడిచి, వెనక్కి తిరిగి చూస్తే ఒక్కరూ ఉండేవారు కాదు.

ఆయన కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. అన్నం సహించలేదు.

"ఎవరో పెద్దావిడ మీద ఇంత కుళ్ళేమిటండీ," అంది భార్య.

నిజమే, కుళ్ళే. తనకు దక్కాల్సిన నవ్వులు ఇంకొకరు పట్టుకుపోతుంటే ఎలా ఓర్చుకోవడం?

అసలే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు. జనం పాత భాగంలోకి వచ్చేదే గేటు పక్కన అద్దాల పెట్టెలో ఉన్న జోకరు బొమ్మ కోసం. మీట నొక్కితే నవ్వేది. బొంగురుగా మొదలై, మెట్లెక్కినట్టు పైకి వెళ్ళి, నడిమధ్యలో ఒక ఎక్కిలి తగిలి, మళ్ళీ మొదటికొచ్చే నవ్వు. ఆ ఎక్కిలి దగ్గర ఏడుపుమొహాలు కూడా నవ్వేసేవి.

ఇప్పుడు టేపు అరిగిపోయి బొమ్మ జలుబు చేసిన మేకలా అరుస్తోంది. ఎవరెవరి నవ్వులో పెట్టి చూశారు, అతకలేదు. నెలాఖరుకి ఆ గొంతు దొరక్కపోతే పాతవన్నీ పీకేసి నీళ్ళ జారుడుబల్లలు పెడతామని మేనేజరు తేల్చేశాడు. అప్పుడు గైడూ ఇంటికే.

ఆ నవ్వు ఎవరిదో తెలిసినవాళ్ళు చెప్పాలని గేటు దగ్గర బోర్డు పెట్టారు. నాటకాల్లో రాక్షసుడి వేషాలు కట్టే ఆరడుగుల మనిషెవరిదో అయ్యుంటుందని గైడు నమ్మకం. జనానికీ అదే చెప్పేవాడు.

ఆ మాట విన్నప్పుడు కూడా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నెలాఖరు రోజు మధ్యాహ్నం ఆవిడే గైడు దగ్గరికి వచ్చింది. జోకరు బొమ్మ గురించి విడిగా ఒక్క మాట చెప్పాలంది.

గుర్రాలు లాక్కుంది, చేపలు లాక్కుంది, మిగిలిన బొమ్మ కూడా కావాలి కాబోలు అనుకున్నాడు గైడు. ఆవిడ సంచీ తనే అందుకుని, ఎంతో మర్యాదగా గేటు బయట బస్సు దాకా నడిపించాడు.

"రేపట్నుంచి రాకండి. గైడు తప్ప ఇంకెవరూ చరిత్ర చెప్పకూడదని ఆర్డరు వచ్చింది," అన్నాడు. ఆ ఆర్డరు వేయించింది తనేనని చెప్పలేదు.

"చరిత్ర కాదు బాబూ. ఆ గొంతు..."

"గొంతు దొరికింది."

ఆవిడ ఆగిపోయింది. "ఎవరిదీ?"

"నాదే. వారం నుంచి సాధన చేస్తున్నా. సాయంత్రమే రికార్డింగు."

నమ్మదేమోనని అక్కడే నవ్వి చూపించాడు. బొంగురుగా మొదలుపెట్టాడు, పైకి వెళ్ళాడు, ఎక్కిలి దగ్గర పొలమారి దగ్గాడు.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. సంచీ తీసుకుని బస్సెక్కింది.

ఏడుస్తోందనుకున్నాడు గైడు. కొంచెం జాలేసింది. అంతకంటే ఎక్కువ హాయిగా ఉంది.

బస్సు కదిలింది. ఆయన వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో, నవ్వు వినిపించింది.

బొంగురుగా మొదలైంది. మెట్లెక్కినట్టు పైకి వెళ్ళింది. నడిమధ్యలో ఎక్కిలి తగిలి, మళ్ళీ మొదటికొచ్చింది.

లోపల జనం చప్పట్లు కొట్టారు. జోకరు బాగైపోయాడంటూ పిల్లలు అద్దాల పెట్టె వైపు పరుగెత్తారు. మేనేజరు కూడా గదిలోంచి బయటికొచ్చి అటే చూశాడు.

గైడు మాత్రం కదల్లేదు. ఆవిడ పేరేమిటో, ఉండేదెక్కడో ఆయన ఒక్కసారీ అడగలేదు.

నవ్వు వస్తున్నది పెట్టెలోంచి కాదు, మలుపు తిరుగుతున్న ఆ బస్సు కిటికీలోంచి.