ఏడు నెలల సీసాలు

"ఈ సీసాలోనూ నలకంత గుల్లపురుగు ఒక్కటీ లేదు, నూకరాజుగారూ. రిపోర్టు ఇవాళే పంపేస్తాను," అంది సుభాషిణి, మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే.

ఏడు నెలలుగా ఆమె పరిశోధనకి సముద్రపు నీళ్లు తెస్తున్న నూకరాజు కంగారుపడ్డాడు. "అంటే ఏమైనట్టండీ?"

"కార్బన్ డయాక్సైడ్ ఎక్కువై సముద్రం పులుస్తోంది. ఆ పులుపుకి ఈ పురుగుల ఒంటిమీది గుల్లలు కరిగిపోతున్నాయి. ఈ పురుగులు చచ్చి అడుక్కి చేరితేనే గాలిలోని కార్బన్ కూడా అడుక్కి పోతుంది. చేపలకి మేత కూడా అవే."

"అయితే మా ఓడలరేవులో వేట అయిపోయినట్టేనాండి?"

సుభాషిణి రిపోర్టు మడిచి కవర్లో పెట్టింది.

పక్కనే నిలబడ్డ అతని భార్య పోలమ్మ ఉండబట్టలేక అందుకుంది. "మా నీళ్లకి వంకెట్టకండమ్మా. చదువుకున్నోరికి నలకల నీళ్లిస్తామేంటి? తువ్వాలు మూడు మడతలేసి, నేనే వడగట్టి సీసాలో పోస్తున్నానండి."

సుభాషిణి తలెత్తింది. "ప్రతిసారీనా?"

"ఆయ్, ప్రతిసారీనండి!"

సుభాషిణి రిపోర్టు కవరుని నిలువునా చింపేసి లేచింది.

"సముద్రం బతికే ఉందాండి?" అడిగాడు నూకరాజు.

"ఇందాకటిదాకా తెలుసనుకున్నాను. ఇప్పుడు తెలీదు. పడవ తియ్యండి, నేనూ వస్తాను."